బటన్ మీంచి వేలు తీశాక

1991లో సోనిక్ అన్న వీడియో గేమ్ వచ్చినప్పుడు అందరూ చెప్పుకున్నది దాని వేగం గురించే. ఇన్నేళ్ళ తర్వాత ఆ పేరు వింటే ముందుగా కళ్ళముందు మెదిలేది మాత్రం పరుగు ఆగాక జరిగే సంగతి. కంట్రోలర్ పక్కన పెట్టి ఊరుకుంటే, కాసేపటికి ఆ నీలం ముళ్ళపంది మన వైపు చూస్తూ విసుగ్గా కాలితో నేల తట్టేది. ‘ఆడతావా, లేదా?’ అన్నట్టు. 1993లో వచ్చిన సోనిక్ సీడీలో దాని ఓపికకి గడువు కూడా పెట్టారు. మూడు నిమిషాలు కదపకపోతే ‘నే పోతున్నా’ అని తెర లోంచి కిందికి దూకేస్తుంది. అంతే, గేమ్ ఓవర్.

మనం ఏమీ నొక్కనప్పుడు పాత్ర తనంతట తాను చేసే ఇలాంటి కదలికల్ని ఐడిల్ యానిమేషన్లు అంటారు. వీటితో పాయింట్లు రావు, ప్రాణం పెరగదు, దారి తెరుచుకోదు. అయినా ఎవరో ఓపిగ్గా కూర్చుని ఆ కాలి కదలికని పిక్సెల్ పిక్సెల్‌గా గీశారు. ఆట నిక్షిప్తం చేసి అమ్మే కార్ట్‌రిడ్జ్‌లో దానికి చోటిచ్చారు. ఆ రోజుల్లో ఒకదానికి చోటివ్వాలంటే ఇంకోటి మానుకోవాల్సిందే. అందుకే ఈ చిన్న కదలికల్ని తలుచుకున్నప్పుడు ఎంత ముద్దుగా ఉన్నాయో ఒక్కటే చెప్పుకుంటే చాలదనిపిస్తుంది. ఎలా చేశారో, దేన్ని వదులుకుని చేశారో, ఎక్కడ తేడా కొట్టిందో కూడా చెప్పుకోవాలి.

ముందు చోటు లెక్క చూద్దాం. ఎనిమిది బిట్ల నింటెండో యంత్రం కదిలే బొమ్మల్ని 8×8 పిక్సెళ్ళ ముక్కలుగా తీసుకుంటుంది. ఒక్కో ముక్కకి మూడే రంగులు, మిగిలింది పారదర్శకం. తెర మొత్తానికి 64 ముక్కలు, ఒక్కో అడ్డగీతకి ఎనిమిదే. తొమ్మిదోది వస్తే ఆ గీత మీద అది కనిపించదు. ఒకే బొమ్మ పూర్తిగా మాయమైపోకుండా, ఏ ముక్కని వదిలెయ్యాలో ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ, అంటే తెర మీద వరసగా మారే ఒక్కో బొమ్మకీ, మారుస్తూ పోయేవారు. శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమన్నది అందుకే.

అలాంటి ఇరుకులోంచే మారియో రూపం పుట్టింది. 1981లో డాంకీ కాంగ్ అన్న ఆట కోసం షిగెరు మియమోటో ఆ బొమ్మ గీసినప్పుడు జుట్టు ఎగరడం చూపించే వీల్లేక టోపీ పెట్టారు. నోరు గీసే చోటు లేక మీసం పెట్టారు. చేతులు ఒంట్లో కలిసిపోకుండా విడిగా కనబడాలని ఓవరాల్స్ తొడిగారు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో నడకకి మూడే ఫ్రేములు. వేగం పెరిగితే అవే మూడూ ఇంకా తొందరగా తిరుగుతాయి. వాటికి తోడు ఒకే ఒక్క ఫ్రేమ్ ఉంది: జోరుగా పరిగెడుతూ ఉన్నట్టుండి వెనక్కి తిప్పితే, మారియో కాళ్ళు ముందుకు తన్నిపెట్టి జారతాడు. ఆ ఒక్క బొమ్మ లేకపోయి ఉంటే ఆ మనిషికి బరువే ఉండేది కాదు. జారుడు లెక్కలన్నీ ప్రోగ్రామ్‌లో ఉన్నా కంటికి ఆనేది మాత్రం ఆ బొమ్మే.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా దారి వేరు. జోర్డన్ మెక్‌నర్ 1985లో తన తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు వేయించి, పరిగెత్తించి, దూకించి, వేలాడించి వీడియో తీశారు. దాన్ని టీవీలో ఒక్కో ఫ్రేమ్ దగ్గర ఆపి కెమెరాతో ఫోటోలు తీసుకున్నారు. ఆ ప్రింట్ల మీద నల్ల మార్కర్‌తోనూ, తెల్ల కరెక్షన్ రంగుతోనూ ఆకారాన్ని వెనకనున్న దృశ్యం నుంచి విడదీశారు. తర్వాత జెరాక్స్ తీసి, ఆ కాగితాల్ని ఆపిల్ టూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, అంచులన్నీ చేత్తో శుభ్రం చేశారు. కత్తియుద్ధానికి తమ్ముడు సరిపోలేదు. 1938 నాటి రాబిన్ హుడ్ సినిమా చివరి పోరాటంలో ఇద్దరూ పక్కవాటుగా నిలబడి తలపడే కొన్ని క్షణాలు దొరికితే వాటిని వాడుకున్నారు. ఆట 1989లో బయటికొచ్చింది.

ఇన్ని ఫ్రేములు నింపేసరికి మెమొరీలో ఇంకో మనిషికి చోటు మిగల్లేదు. అప్పుడు రాకుమారుడి బొమ్మనే తీసుకుని, ఒక పిక్సెల్ పక్కకి జరిపి, దానితోనే ఎక్స్‌ఆర్ (రెండిట్లో ఒక్కదాంట్లోనే ఉన్న చుక్కల్ని ఉంచే లెక్క) చేశారు. రెండు చోట్లా ఉన్న చుక్కలు చెరిగిపోయి, అంచులు మాత్రమే మిణుకుతూ మిగిలాయి. కొత్త బొమ్మ ఒక్కటీ గీయకుండా నీడమనిషి తయారయ్యాడు. అద్దంలోంచి దూకి మన ప్రాణంలో భాగం పట్టుకుపోయే ఆ నీడ, కథ రాసుకుని పెట్టినదాని కంటే గట్టిగా కుదిరింది.

అయితే నిజం మనిషి కదలిక ఊరికే రాదు. పరుగు అందుకోవడానికి కొన్ని ఫ్రేములు కావాలి, ఆగడానికి ఇంకొన్ని. బాణం గుర్తు నొక్కిన తర్వాత మనసు మార్చుకున్నా రాకుమారుడు మార్చుకోడు. గుంట అంచున అలా పడి చచ్చినవాళ్ళకి లెక్కలేదు. దానికి విరుగుడుగా షిఫ్ట్ కీ ఇచ్చారు. అది పట్టుకుని నొక్కితే ఆచితూచి ఒక్క అడుగు వేస్తాడు. అంచు దగ్గరికొస్తే పడకుండా ఆగుతాడు. ఈ ఆటని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ముందు చెప్పాల్సిన కిటుకు ఇదే.

తుపాకుల ఆట డూమ్‌లో మన మనిషి ఒళ్ళు కనపడదు. తెర అడుగున మొహం ఒక్కటే ఉంటుంది, కదలికంతా దాన్లోనే. ఆరోగ్యాన్ని అయిదు మెట్లుగా విడగొట్టి, మెట్టు దిగుతున్నకొద్దీ రక్తం పెంచుతూ గీశారు. ఊరికే ఉన్నప్పుడు కళ్ళు అటూ ఇటూ తిరుగుతాయి. ఎడమ నుంచి తూటా తగిలితే ఎడమకి చూస్తాడు, కుడి నుంచి తగిలితే కుడికి. కొత్త తుపాకి దొరికితే పళ్ళన్నీ బయటపెడతాడు. 1993లో దెబ్బ ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పడానికి అంత చిన్న చోటులో ఇంతకంటే మంచి ఉపాయం లేదు. అందులో ఒక మొహం మాత్రం చాలామంది ఎన్నడూ చూడలేదు. ఒక్క దెబ్బతో 20కి మించి ఆరోగ్యం పోతే కళ్ళు తేలేసి నోరు తెరిచే మొహం రావాలి. ప్రోగ్రామ్‌లో తీసివేత తలకిందులైంది. పాత ఆరోగ్యంలోంచి కొత్తది తీసెయ్యాల్సింది, కొత్తదాంట్లోంచి పాతది తీసేశారు. దాంతో దెబ్బ తగిలే క్షణానికే ఆరోగ్యం 20కి మించి పెరిగి ఉంటే తప్ప ఆ మొహం రాదు. అంటే దాదాపు రాదన్నమాట. అంత కష్టపడి గీసిన బొమ్మ ఒక్క గుర్తు తేడాతో మరుగున పడిపోయింది. ఐడిల్ యానిమేషన్లు చేసేవాళ్ళు దీన్నుంచి నేర్చుకోవాల్సిందొకటుంది: అరుదుగా వచ్చే కదలికని ఎదురుచూస్తూ కూర్చోకుండా, బలవంతంగా రప్పించే డీబగ్ కీ (తప్పులు వెతకడానికి తయారుచేసేవాళ్ళు వాడుకునే బటన్) ఒకటి మొదట్నుంచీ పెట్టుకోవాలి. లేకపోతే అది రావట్లేదన్న సంగతే ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడి చూడాల్సింది 1996 నాటి సూపర్ మారియో 64. జాయ్‌స్టిక్‌ని కొంచెమే వంచితే మారియో మునివేళ్ళ మీద నడుస్తాడు, ఇంకాస్త వంచితే మామూలు నడక, పూర్తిగా తోస్తే పరుగు. మునివేళ్ళ నడక చూడ్డానికే కాదు, నిద్రపోతున్న పిరాన్హా మొక్క పక్కనుంచి అలా వెళ్తే అది లేవదు. వేలు ఎంత మెల్లగా కదిలిందో మారియో పాదం అంత మెల్లగా పడింది. అప్పటిదాకా నొక్కితే ఉంది, లేకపోతే లేదు అన్నట్టుండే బటన్లకి అలవాటుపడ్డ చేతులకి అదెంత కొత్తగా ఉండేదో మాటల్లో చెప్పడం కష్టం.

ఇక వదిలేస్తే ఏం చేస్తాడు? ముందు ఎడమకి చూస్తాడు, తర్వాత కుడికి, మళ్ళీ ఎదురుగా. ఇలా కొన్ని చుట్లు తిరిగాక ఆవులించి కూర్చుని కునుకు తీస్తాడు. ఇంకా వదిలేస్తే పడుకుని గురక పెడుతూ తిండి పేర్లు కలవరిస్తాడు. అతను నిద్రలోకి జారగానే వెనక సంగీతం కూడా తగ్గుతుంది, లేచాక మళ్ళీ పెరుగుతుంది. మంచు లెవెల్లో అయితే నిద్రే పోడు, వణుకుతాడు. ఆరోగ్యం బాగా పడిపోయి ఉంటే రొప్పుతూ నిలబడతాడు.

లోపల ఇంకో ముచ్చటైన తనిఖీ ఉంది. ఒక్కో చుట్టు పూర్తవగానే ఆట మారియో వెనక 60 యూనిట్ల దూరంలో నేల ఎత్తు చూస్తుంది. అతని కాళ్ళకిందున్న నేలకీ దానికీ తేడా 24 యూనిట్లు దాటినా, అతను నిలబడ్డది కదిలే పలక అయినా ఆ చుట్టు లెక్కలోకి రాదు. మళ్ళీ చూపులు మొదటికొస్తాయి. చదునైన, కదలని నేల మీదే మారియో నిద్రపోతాడన్నమాట. వాలు మీద పడుకోబెడితే ఒళ్ళు నేలలో దిగబడుతుంది, లేదా గాల్లో తేలుతుంది. నిద్రలో నేల వాలుకి తగ్గట్టు ఒంటిని వంచే ఏర్పాటు లేదు. దాన్ని సరిచేయడం కంటే ఆ చోట నిద్రే రానివ్వకపోవడం తేలిక. చూసేవాళ్ళకి మాత్రం ‘జారే చోట ఎవరు పడుకుంటారు’ అన్నంత సహజంగా అనిపిస్తుంది. పరిమితిని ఇలా స్వభావంగా మార్చుకున్న పనితనం మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఒంటి తర్వాత చూపు. 2002లో వచ్చిన విండ్ వేకర్‌లో కథానాయకుడు లింక్ కళ్ళు పెద్దవి. ఆ కళ్ళు ఊరికే ఉండవు. పక్కన శత్రువున్నా, పనికొచ్చే వస్తువున్నా అటు తిరుగుతాయి. చిక్కుముడి దగ్గర దారి తోచనప్పుడు లింక్ ఎటు చూస్తున్నాడో చూస్తే చాలాసార్లు ఆచూకీ దొరికేది. బాణం గుర్తులు పెట్టకుండా దారి చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఉందనుకోను.

దీన్ని సొంతంగా చేసి చూడాలనుకునేవాళ్ళకి పని క్రమం ఇది. పాత్ర చుట్టూ చూడదగ్గ వస్తువుల జాబితా ఉంచాలి, ఎంత దగ్గరుందో కూడా చూసి ఒక్కోదానికి ప్రాధాన్యం ఇవ్వాలి. అన్నిటికంటే ఎక్కువ ప్రాధాన్యం ఉన్నదాన్ని ఎంచుకున్నాక ముందు కళ్ళు తిప్పాలి, రెండుమూడు ఫ్రేముల తర్వాత తల, ఆ తర్వాత కొంచెంగా భుజాలు. మూడూ ఒక్కసారే తిరిగితే అది మనిషి చూపులా ఉండదు, తలుపు తిరిగినట్టుంటుంది. తల ఒక పక్కకి 70 డిగ్రీలు దాటకుండా హద్దు పెట్టాలి, వస్తువు వెనక్కి వెళ్తే చూపు మెల్లగా ముందుకు రావాలి. ఎక్కువగా తప్పేది రెండు వస్తువులు దాదాపు ఒకే దూరంలో ఉన్నప్పుడు. ఒక ఫ్రేమ్‌లో ఇది దగ్గర, మరో ఫ్రేమ్‌లో అది దగ్గర, తల టపటపా కొట్టుకుంటుంది. ఇప్పుడు చూస్తున్నదాని కంటే కొత్తది కనీసం 20 శాతం దగ్గరైతేనే చూపు మార్చాలని నియమం పెట్టి, ఒకసారి మార్చాక ఒక సెకను దాకా మళ్ళీ మార్చకుండా ఆపితే ఆ జబ్బు పోతుంది.

గాయం కూడా కదలికతోనే చెప్పొచ్చు. 1998 నాటి రెసిడెంట్ ఈవిల్ 2లో ఆడుతున్నంతసేపూ తెర మీద ఆరోగ్యం మీటర్ ఉండదు. దెబ్బలు తగిలితే పాత్ర కడుపు పట్టుకుంటుంది, ఇంకా తగిలితే కుంటుతుంది. మెనూ తెరవకుండానే మందు వాడాలో లేదో తెలిసిపోయేది. కుంటుతున్నప్పుడు నడక నెమ్మదించడంతో భయం రెట్టింపయ్యేది.

చేతుల సంగతికొస్తే ఐకో. 2001లో ఫుమిటో ఉయెదా బృందం మోషన్ క్యాప్చర్ (నిజం మనిషి కదలికల్ని యంత్రంతో నమోదు చేసే పద్ధతి) వాడకుండా, భంగిమలన్నీ చేత్తో పెట్టి చేసిన ఆట ఇది. ఒక బటన్ పట్టుకుంటే ఐకో అన్న అబ్బాయి తనతో ఉన్న యోర్దా అన్న అమ్మాయి చెయ్యి పట్టుకుంటాడు. పరిగెడితే ఆమె చెయ్యి ముందు చాచుకుంటుంది, ఒళ్ళు తర్వాత కదులుతుంది, అడుగులు తడబడుతూ అందుకుంటాయి. ఆ తడబాటు వల్లే ఆమెకి తనదంటూ ఒక బరువుంది, ఒక వేగముంది అని నమ్ముతాం. పన్నెండేళ్ళ తర్వాత ద లాస్ట్ ఆఫ్ అస్‌లో, గోడ చాటున దాక్కున్న ఎల్లీ పక్కకే జోయెల్ కూడా చేరితే, అతని చెయ్యి ఆమె మీదుగా వెళ్ళి గోడకి ఆనుతుంది. ఒక్క మాట ఉండదు. బటనూ ఉండదు. ఆ ఇద్దరి మధ్య ఏం పెరిగిందో పొడుగాటి సంభాషణల కంటే అదే బాగా చెప్పింది.

ఇలాంటివి ఎక్కడ చెడతాయంటే, ముందుగా పాదాల దగ్గర. ఒక నడక చుట్టులో రెండు అడుగులుంటాయి. ఒక్కో అడుగు 70 సెంటీమీటర్లు, చుట్టు ఒక సెకను అనుకుంటే ఆ నడకకి తగిన వేగం సెకనుకి 1.4 మీటర్లు. ప్రోగ్రామ్ అదే పాత్రని 2 మీటర్ల వేగంతో తోస్తే సెకనుకి 60 సెంటీమీటర్లు పాదం నేల మీద జారుతుంది. మంచు మీద నడుస్తున్నట్టుంటుంది. ఆ తేడాకి మందు యానిమేషన్‌ని 1.43 రెట్లు వేగంగా ఆడించడం. అంతకుమించి తేడా ఉంటే సాగదీయకుండా వేగమైన నడకని వేరుగా చేసుకోవడమే మేలు.

రెండోది ఊపిరి లూప్, అంటే నిలబడ్డ పాత్ర ఊపిరి తీసే కదలిక మళ్ళీ మళ్ళీ తిరగడం. 24 ఫ్రేముల చుట్టులో మొదటి భంగిమనే చివర్లో 25వ ఫ్రేమ్‌గా పెట్టుకుంటాం, అతుకు కనబడకూడదని. కానీ ఆడించేటప్పుడు 1 నుంచి 24 వరకే ఆడించాలి. 25 కూడా ఆడిస్తే ఒకే భంగిమ రెండుసార్లొచ్చి ప్రతి ఊపిరికీ ఒక చిన్న ఎక్కిలి పడుతుంది. ఛాతీ, భుజాలు, తల అన్నీ ఒకే ఫ్రేమ్‌లో పైకి లేవకూడదు. ఛాతీ ముందు, భుజాలు రెండు ఫ్రేముల తర్వాత, తల ఇంకో రెండు ఫ్రేముల తర్వాత లేవాలి. కాలు తట్టడం, ఆవులించడం లాంటివి సరిగ్గా పది సెకన్లకొకసారి వస్తే యంత్రం బయటపడుతుంది. ఎనిమిది నుంచి పదిహేను సెకన్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు రావాలి, వెంటవెంటనే అదే రాకూడదు.

అన్నిటికంటే పెద్ద తప్పు, కదలిక చేతికి అడ్డం రావడం. సెకనుకి 60 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు. ఎగిరే ముందు మోకాళ్ళు వంచే బొమ్మలు ఆరు పెడితే బటన్ నొక్కాక పదో వంతు సెకను ఏమీ జరగదు. సినిమా బొమ్మకి ఆ వంపు ప్రాణం, ఆటలో అదే బద్ధకంగా తోస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు నొక్కిన ఫ్రేమ్‌లోనే పాత్రని నేల నుంచి లేపేస్తారు, ఒళ్ళు సాగడం గాల్లో చూపిస్తారు, వంపుని కిందికి దిగాక చూపిస్తారు. ఆ దిగిన వంపుని కూడా మళ్ళీ బటన్ నొక్కితే మధ్యలో తెంపెయ్యగలగాలి. ఆవులింతకీ ఇదే వర్తిస్తుంది. 2018 నాటి రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో కథానాయకుడు ఆర్థర్ సొరుగు తెరిచి ఒక్కో వస్తువునీ చేత్తో తియ్యడం మొదటిసారి చూస్తే ఎంత శ్రద్ధో అనిపిస్తుంది. వందోసారికి ఆ శ్రద్ధని దాటెయ్యడానికి బటన్ వెతుక్కుంటాం. ఎన్నిసార్లు చూడాల్సి వస్తుందో దాన్నిబట్టి కదలిక పొడవు తేల్చాలని నా నమ్మకం.

అదే ఏడు వచ్చిన సెలెస్ట్ ఈ లెక్కని బాగా పట్టుకుంది. అందులో మనం ఆడించే మెడలీన్ జుట్టు వరసగా ఒకదాని వెనక ఒకటి లాక్కుపోయే గుండ్రటి చుక్కల గొలుసు. డాష్ (గాల్లో ఒక్కసారి దూసుకుపోయే అవకాశం) ఉంటే ఎరుపు, వాడేస్తే నీలం, రెండు డాష్‌లుంటే గులాబీ. అందమూ అదే, మీటరూ అదే, ఆటని ఒక్క ఫ్రేమ్ కూడా ఆపదు. గిల్టీ గియర్ ఎక్సర్డ్ బృందం 2014లో ఇంకో తెగువ చేసింది. త్రీడీ బొమ్మల్ని వాడుతూనే ఒక భంగిమకీ ఇంకో భంగిమకీ మధ్య కంప్యూటర్ కలిపే నున్నటి ఫ్రేముల్ని తీసేసి, చేత్తో పెట్టిన భంగిమల్నే కొన్ని ఫ్రేములపాటు నిలబెట్టింది. అందుకే అది గీసిన బొమ్మలా కనిపిస్తుంది.

ఈ పాతవాటిని మళ్ళీ దగ్గరగా చూడాలంటే ఎమ్యులేటర్‌లో (పాత ఆటల్ని ఇప్పటి కంప్యూటర్‌లో నడిపించే ప్రోగ్రామ్) ఫ్రేమ్ అడ్వాన్స్ అన్న ఏర్పాటు వెతకండి. ఒక్క నొక్కుకి ఒక్క ఫ్రేమే కదులుతుంది. వీడియో అయితే వీఎల్‌సీలో ‘ఈ’ కీ, యూట్యూబ్‌లో ఆపి ఉంచి ఫుల్‌స్టాప్ కీ ముందుకు, కామా కీ వెనక్కి. రికార్డింగ్ 60 ఫ్రేములతో ఉండాలి. 30తో ఉంటే ఫ్రేము విడిచి ఫ్రేము పోతుంది, మిణుకుమనే బొమ్మలు పూర్తిగా కనపడకుండా పోవచ్చు. డూమ్ అసలు వేగం సెకనుకి 35, కాబట్టి 60లో తీసిన వీడియోలో కొన్ని ఫ్రేములు రెండేసిసార్లు వస్తాయి, అది ఆట తప్పు కాదు. టీవీలో మోషన్ స్మూతింగ్ ఉంటే ముందు దాన్ని ఆపండి. అది మధ్యలో లేని బొమ్మల్ని కల్పించి, నిలబెట్టిన భంగిమల్ని కరిగించేస్తుంది. పాత ఐరోపా కాపీలు 50 హెర్ట్జ్‌కి, అంటే సెకనుకి 50 సార్లు తెర మార్చే టీవీలకి చేసినవి, సర్దుబాటు చెయ్యనివి 17 శాతం దాకా నెమ్మదిగా నడుస్తాయి, కాబట్టి 60 హెర్ట్జ్ కాపీ దొరికితే దాంట్లోనే చూడండి.